విమానం ఎక్కేముందు... గన్నవరంలో ఏం తిందాం? ఏం కొందాం?

సినిమాల్లో విమానాశ్రయం అంటే మనకు తెలిసిందే! హీరోయిన్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, సూట్‌కేస్ పట్టుకుని వెళ్ళిపోతూ ఉంటుంది. హీరోగారు టాక్సీలో దూసుకొచ్చి, అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ ఏకంగా విమానం మెట్ల దాకా పరుగెడతారు. ఆ పరుగుల్లో ఒక్కరైనా ఆగి ఇడ్లీ తినగా మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు!

అసలు సంగతేమిటంటే, ఇవాళ హీరో అయినా సరే, టికెట్టూ ఫోటో గుర్తింపు కార్డూ చూపించందే గేటు దాటలేడు. అందుకే ఈ వ్యాసం. మన పాఠకుల్లో చదువుల కోసం, కొత్త ఉద్యోగాల కోసం తొలిసారి విమానం ఎక్కేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు చెబుదామని మొన్న గన్నవరం వెళ్ళొచ్చాను.

గన్నవరమే ఎందుకంటారా? ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరుకీ, అక్కినేని పుట్టిన రామాపురానికీ దగ్గర్లో ఉన్న విమానాశ్రయం ఇది. సినిమా హిట్టయి విజయయాత్రకు విమానంలో వచ్చే తారలు విజయవాడకి దిగేదీ ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం అవసరాల కోసం పుట్టిన ఈ చోటుకి 2017లో కొత్త టెర్మినల్ వచ్చింది. విజయవాడ నుంచి ఇరవై కిలోమీటర్లు, జాతీయ రహదారి పక్కనే.

భోజనం గేటు బయటే!

ఇక్కడ నేను గమనించిన మొదటి సంగతి - ఒక్కరు విమానం ఎక్కుతుంటే సాగనంపడానికి అయిదుగురు వస్తారు. అమ్మా, నాన్నా, మేనమామా, తమ్ముడూ, పక్కింటి స్నేహితుడూ! ఆ అయిదుగురూ గేటు దగ్గరే ఆగిపోవాలి. లోపల ఎంత మంచి కాఫీ ఉన్నా వాళ్ళతో కలిసి తాగే భాగ్యం లేదు. కాబట్టి కలిసి తినాలనుకుంటే ఆ పని ముందే కానివ్వండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్ళకి దారి పొడవునా టిఫిన్ హోటళ్ళే. వేడి వేడి ఇడ్లీ, అల్లం పచ్చడితో పెసరట్టు ఉప్మా, సాయంత్రమైతే పునుగులు... అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినండి. ఆ అరగంట మళ్ళీ ఎన్నాళ్ళకి దొరుకుతుందో!

అయితే గడియారం మీద ఓ కన్ను వేసి ఉంచండి. చాలా విమాన సంస్థలు దేశంలోపలి ప్రయాణాలకి బయలుదేరే టైముకి గంట ముందే సామాన్ల కౌంటర్ మూసేస్తాయి. రెండు గంటల ముందు గేటు దగ్గర ఉండేలా లెక్క వేసుకుని, అంతకు ముందే తినడం ముగించాలి.

పచ్చడి సీసా కథ

నేను అక్కడ నిలబడి ఉండగానే ఓ కుర్రాడు కనిపించాడు. బెంగుళూరులో మొదటి ఉద్యోగమట. వాళ్ళమ్మగారు ఆఖరి నిమిషంలో భుజానికున్న సంచీలో ఓ సీసా కూరుతున్నారు.

"ఒరే నాన్నా, ఆవకాయరా. చేతిలోనే ఉంచుకో, కింద సామాన్లలో వేస్తే పగులుతుంది" అన్నారావిడ.

నేను ఊరుకోలేకపోయాను. "అమ్మా, నూనె ఉన్న పచ్చడి చేతి సంచీలో ఉంటే తనిఖీ దగ్గర ఆపేస్తారు. పెద్ద పెట్టెలో వెయ్యండి" అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "పారేస్తారాండీ?" అనడిగారు. ఆ ఒక్క మాటలో వేసవి అంతా పడ్డ కష్టం ఉంది. మామిడికాయలు కొట్టించి, ఆవపిండి కలిపి, జాడీకెత్తి, అందులోంచి బిడ్డకని తీసిన సీసా అది! కుర్రాడు అక్కడే నేలమీద పెట్టె తెరిచాడు. సీసాని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పాత లుంగీలో చుట్టి, బట్టల మధ్యన పెట్టాడు. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆవిడ మాత్రం పెట్టె వంకే చూస్తూ నిలబడ్డారు.

ఎండుకొబ్బరి సంగతీ చెప్పాలి. నూనె ఎక్కువ కాబట్టి తేలిగ్గా అంటుకుంటుందని దాన్ని పెద్ద పెట్టెలోనూ ఒప్పుకోరు. ఇంటి దగ్గరే వదిలెయ్యండి.

ఏం కొనాలి?

బందరు లడ్డు కొనండి. శనగపిండి పూసని దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి చేస్తారు. తొక్కుడు లడ్డు అంటారు కూడా. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ప్రయాణంలో చెక్కు చెదరదు. ఆత్రేయపురం పూతరేకులకి అదే గుర్తింపు 2023లో వచ్చింది. కానీ అవి మహా సుకుమారం! బోర్లించిన కుండ మీద తీసిన బియ్యప్పిండి రేకులు మరి! పెట్టెలో వేస్తే పొడి పొడే. వాటిని చేతి సంచీలో పైన పెట్టుకోండి. తీపి వద్దంటే తేలికైన పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మ ఉంది. చేతి సంచీ బరువు మామూలుగా ఏడు కిలోలు దాటకూడదు. బొమ్మ వల్ల ఆ లెక్క తప్పదు!

ఇవన్నీ ఊళ్ళోనే కొనుక్కుంటే రుచి చూసి, బేరమాడి తీసుకోవచ్చు.

లోపల ఏముంది?

కాఫీ, టీ, సమోసా, శాండ్‌విచ్... ఆకలికి లోటు లేదు. కాని విమానాశ్రయాల్లో ధరలు బయటికంటే ఎక్కువన్నది జగమెరిగిన సత్యం. నెల జీతం ఇంకా చేతికి రాని కుర్రాళ్ళకి అది చిన్న విషయం కాదు. ఈ బాధ పార్లమెంటు దాకా వెళ్ళింది. మన శ్రీకాకుళం వాడు కింజరాపు రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా ఉండగా 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో 'ఉడాన్ యాత్రీ కేఫ్' తెరిచారు. అక్కడ టీ పది రూపాయలు, సమోసా ఇరవై అని పెట్టారు. తర్వాత మద్రాసులోనూ తెరిచారు. ఇలాంటిది ప్రతి చిన్న ఊరి విమానాశ్రయంలోనూ ఉండాలని, అందులో సమోసాతో పాటు మన పెసరట్టూ దొరకాలని నా కోరిక!

అంతదాకా ఒక ఉపాయం. ఖాళీ నీళ్ళసీసా వెంట ఉంచుకుని తనిఖీ అయ్యాక లోపలి కుళాయి దగ్గర నింపుకోండి. డబ్బాలో అమ్మ కట్టిన పులిహోర ఉంటే మొహమాటపడకండి. కిటికీ పక్కన కూర్చుని, అవతల విమానాలు చూస్తూ తింటుంటే ఆ రుచే వేరు. పక్కన శాండ్‌విచ్ తినేవాళ్ళు మీ డబ్బా వంక చూడకపోతే అప్పుడు నన్నడగండి!