నలభై దాటిన నాయనకి ఏ సాము?

కూర్చోండి పిల్లలూ, చాప మీదికి జరగండి. "తాతా, మా నాయనకి నలభై అయిదు నిండాయి, ఇప్పుడు కరాటే నేర్చుకుంటానంటున్నాడు, వస్తుందా?" అని అడిగారు కదా. ఎందుకు రాదు బిడ్డా, వస్తుంది. కాకపోతే ఏ విద్య అన్నది సినిమా చూసి తేల్చుకోకూడదు. ఆ వయసులో ఒంట్లోంచి ఏమేం జారిపోతున్నాయో చూసుకుని, వాటిని పట్టి నిలిపే విద్యని ఎంచుకోవాలి.

ముందు కండ సంగతి. ముప్పై దాటాక, కసరత్తు లేని మనిషికి పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గిపోతుంది. కండలో మెల్లగా చాలాసేపు పనిచేసే పోగులు కొన్ని, చటుక్కున బలం చూపే పోగులు కొన్ని ఉంటాయి. వయసు ముందుగా తినేసేది ఈ రెండో రకాన్నే. కాలు జారితే చప్పున ఇంకో అడుగు వేసి నిలదొక్కుకోవడం వాటి చలవే!

ఇక నిలకడ. అందరూ లేచి ఒంటికాలి మీద నిలబడండి. ఇప్పుడు కళ్లు మూసుకోండి. చూశారా, ఎట్లా ఊగిపోతున్నారో! మనం పడకుండా ఉండటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబుర్లు వెళ్తాయి. కళ్ల నుంచి ఒకటి. లోపలి చెవిలో నీరు నిండిన చిన్న చిన్న వంపు గొట్టాలున్నాయి, వాటి నుంచి ఒకటి. కీళ్లలో, కండల్లో, అరికాళ్లలో ఉన్న నాడుల నుంచి ఇంకొకటి. ఒక్క కబురు ఆగితేనే మీకు ఇంత తూలుడు. వయసు మళ్లేకొద్దీ మూడూ మందగిస్తాయి. లాల్‌దర్వాజా బోనాలకి తలమీద బోనమెత్తుకుని ఆ గుంపులో నడిచే అమ్మలని ఈసారి నిదానంగా చూడండి. నిలకడ సాధనతో వస్తుందని మీకే తెలుస్తుంది.

ఇక ఏ విద్య అంటారా, ముందు కుస్తీ. మన పాతబస్తీకి కుస్తీలో పేరు పాతదే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులోకి వచ్చిన అరబ్బులు స్థిరపడ్డ బార్కస్‌లో పహిల్వాన్లకి ఎంత గౌరవమో! ఇటు ధూల్‌పేటలోనూ అంతే. అఖాడాలో, అంటే కుస్తీ గోదాలో, మట్టిని తవ్వి, పసుపు, నూనె, మజ్జిగ, వేపాకు కలిపి మెత్తగా చేస్తారు. ఆ వాసన పీలిస్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది. మీ నాయన అక్కడి దండీలు, బైఠకీలు, ముగ్దర్ అనే కర్ర గద తిప్పడం నేర్చుకుంటే మంచిదే, మోకాలు సహించినంత వరకే వంగుతూ. ఇరవై ఏళ్ల కుర్రాడితో పట్టు మాత్రం వద్దు. మెడ, మోకాలు మెలిపడితే కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది.

ఎందుకంటే, కండ కొన్ని వారాల్లోనే పుంజుకుంటుంది. కండని ఎముకకి కట్టి ఉంచే తంతువుకి నెత్తురు అందేది తక్కువ, అది గట్టిపడటానికి నెలలు కావాలి. ఎద్దు బలిసింది గానీ పలుపు ఇంకా పాతదే అన్నట్టుంటుంది. నడివయసులో ఉన్నట్టుండి ఎగిరి తన్నబోయినవాళ్లకి మడమ వెనక ఉండే ఆ తంతువే పుటుక్కుమంటుంది. అందుకే ఎగిరి తన్నే విద్యలతో మొదలు పెట్టవద్దంటాను.

జూడో సంగతి వేరు. 1882లో జిగోరో కానో అనే జపాను పండితుడు టోక్యోలోని ఒక బౌద్ధ గుడిలో, పన్నెండు చాపల గదిలో దాన్ని మొదలుపెట్టాడు. అందులో తొలి పాఠమే పడటం! గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేత్తో నేలని చరుస్తారు. దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. ఈ ఒక్క విద్య ముసలితనం దాకా కాపాడుతుంది. చైనావాళ్ల తాయ్‌చీలో బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలికి నెమ్మదిగా మారుస్తారు. దాన్ని సాధన చేసే పెద్దవాళ్లు తక్కువగా పడుతున్నారని పరిశోధకులు చూశారు. 2020లో యునెస్కో కూడా దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

నన్నడిగితే మాత్రం మన కర్రసాముకే నా ఓటు. ఒక వెదురు కర్ర చాలు. మణికట్టు, భుజం, నడుం, అడుగు అన్నీ ఒకే లయలో కదలాలి. కర్ర కుడి నుంచి ఎడమకి దాటుతుంటే చూపు, చేయి, కాలు ఒకదానికొకటి కబురందించుకుంటూ ఉంటాయి. జోడీ లేకుండా ఒంటరిగానే సాధన చెయ్యవచ్చు, ఎదుటివాడి దెబ్బలు తగలవు, వేగం మన చేతిలోనే ఉంటుంది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల కసరత్తు, రెండు రోజులు కండలకి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ అరగంట చొప్పున అయిదు రోజులు కర్ర తిప్పితే ఆ లెక్క తీరినట్టే, దానికి దండీలు, బైఠకీలు కలుపుకుంటే ఇంకేం కావాలి!

బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టరుని అడగమనండి. చేరేముందు ఒక పూట ఊరికే వెళ్లి కూర్చుని చూడమనండి. అక్కడ నడివయసు వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? వస్తాదు మీ నాయన వయసు, మోకాళ్ల సంగతి అడిగాడా? అడగని వస్తాదు ఎంత పేరున్నవాడైనా సరే, ఇంకోచోటు వెతుక్కోమనండి.