బాలింతకు నూనె మర్దన – ఒక ఇంజనీరు పరిశీలన

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ ప్రసవాన్ని వైద్యశాస్త్రం నేడు చాలావరకు తన చేతిలోకి తీసుకున్నది. ఆ తర్వాతి నలభై రోజులు మాత్రం ఇప్పటికీ ఇంటివారి చేతిలోనే, అందునా ఒళ్ళు పట్టే స్త్రీల చేతిలోనే ఉన్నవి. ముప్పై ఏళ్ళు యంత్రాల నిర్వహణలో గడిపినవానికి ఈ విషయంపై రాసే అర్హత ఏమున్నదని పాఠకులు ప్రశ్నించవచ్చు. అర్హత లేదు, అనుభవం ఉన్నది. మా రెండవ అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మా ఇంట జరిగిన ఒక సంఘటన నా చేత ఈ విషయమై కొంత చదివించింది, కొందరు వైద్యులను అడిగించింది.

ఇటువంటి పరిశీలనకు మన టౌన్‌షిప్ వంటి చోటు మరొకటి దొరకదు. ఒకే వీధిలో దేశం నాలుగు మూలల పురుళ్ళూ చూడవచ్చు. మా కింది క్వార్టరులోని మలయాళీ కుటుంబంవారు కూతురికి ధన్వంతరం కుళంబు పట్టించి, ఔషధపు ఆకులు వేసి మరిగించిన నీళ్ళతో స్నానం చేయించేవారు. మరాఠీ మిత్రుని ఇంట మాలిశ్ చేసే బాయి వచ్చి వెళ్ళిన తర్వాత నులక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, వాము ధూపంతో కాపడం పెట్టేవారు. బీహారు నుంచి వచ్చిన సహోద్యోగి ఇంట్లో వెల్లుల్లి, మెంతులు వేసి కాచే ఆవనూనె వాసన మెట్ల మీదికే వచ్చేది. సరిహద్దు దాటి నేపాల్‌కో, బంగ్లాదేశ్‌కో వెళ్ళినా అదే ఆవనూనె. నూనె మారుతుంది, ఆకు మారుతుంది. పట్టే చేయి మాత్రం తరచుగా ఒక పేద స్త్రీదే.

నా చిన్నతనంలో మా అమ్మమ్మగారింట ఈ పని మంత్రసానిదే. ఆముదమో నువ్వుల నూనెయో గోరువెచ్చగా కాచి, మాడుకు పెట్టి, మెడ నుంచి నడుము వరకు, తొడల నుంచి పాదాల వరకు పట్టి, నలుగు పెట్టి, వావిలాకు వేసి కాగులో కాచిన నీళ్ళు పోసేది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, పాత చీరతో నడికట్టు, శొంఠిపొడితో మొదటి ముద్ద. మన గ్రామాలు అనేకం ఈ పనిని మంగలివారి స్త్రీలకు వదిలివేసినవి. తల్లీబిడ్డలను గట్టెక్కించిన ఆ చేతిని పురుడు వెళ్ళగానే గడప అవతలే నిలబెట్టేవారం. ప్రతిఫలం ఒక చీర, కుంచెడు బియ్యం. అప్పట్లో అది మాకు తప్పుగా తోచలేదని చెప్పడానికి నేడు సిగ్గుపడుతున్నాను.

శాస్త్రగ్రంథాలలోనూ దీనికి ఆధారం ఉన్నది. సూతికకు పొట్టపై నేయి, నూనె రాసి వెడల్పాటి వస్త్రంతో చుట్టమని చరకసంహిత చెప్పింది. బలాతైలంతో అభ్యంగనం సుశ్రుతుడు విధించాడు. కాశ్యపసంహితలో సూతికోపచారానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. అయితే గ్రంథం చదివి ఒళ్ళు పట్టినవారు నాకు తారసపడలేదు. ఆ విద్య చేతి నుంచి చేతికి వచ్చినదే.

ఇక మా ఇంటి సంగతి. అమ్మాయికి శస్త్రచికిత్సతో కాన్పు జరిగింది. అయిదవ రోజున ఇంటికి తీసుకువచ్చాము. ఒళ్ళు పట్టడానికి పక్క పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చేది, వయస్సు అరవై దాటి ఉంటుంది. ఆపరేషను కనుక పొట్ట జోలికి పోనని మొదటి రోజే చెప్పి, వీపు, భుజాలు, చేతులు, కాళ్ళు మాత్రమే పట్టేది. పదకొండవ రోజు ఉదయం ఎడమకాలిపై చేయి వేసి ఆగిపోయింది. చెరొక పిక్కపై చెరొక అరచేయి ఉంచి కొంతసేపు అలాగే కూర్చున్నది. తర్వాత నా భార్యను పిలిచి, “అమ్మగారూ, ఈ కాలు నేను పట్టనండి. ఆ కాలికంటే ఇది లావుగా ఉంది, వేడిగా ఉంది. డాక్టరుగారికి చూపించండి” అన్నది.

అక్కడే పేపరు చదువుకుంటున్న నేను, “బాలింతకు కాళ్ళ వాపు సహజమే కదమ్మా, కాస్త గట్టిగా పడితే అదే తగ్గుతుంది” అన్నాను.

“మీరు చెప్పినా పట్టనండి బాబూ” అని నూనె గిన్నె పక్కకు జరిపేసింది.

కాన్పు జరిగిన ఆసుపత్రికి ఫోను చేస్తే, ప్రసవమయ్యాక వాపు మామూలేననీ, కాలి కింద దిండు పెట్టమనీ సమాధానం వచ్చింది. నాకు ఏమి తోచిందో గాని, అలమారలోని టేపు తీసి రెండు పిక్కలనూ మోకాలికి సమానమైన దూరంలో కొలిచాను. తేడా 4 సెంటీమీటర్లు! ఆమె అరచేయి చెప్పినప్పుడు నమ్మని నేను, టేపు చెప్పగానే నమ్మాను. మధ్యాహ్నానికి మరొక వైద్యుని వద్దకు వెళ్ళాము. డాప్లర్ స్కానులో పిక్క నుంచి తొడ వరకు లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉన్నదని తేలింది. ఆ సాయంత్రమే హెపారిన్ ఇంజెక్షన్లు ప్రారంభించారు.

వైద్యులు నాకు వివరించిన సంగతి ఇది. కాన్పులో అధిక రక్తస్రావం కాకుండా ప్రకృతి గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఆ గుణం ప్రసవం కాగానే పోదు, ఇంచుమించు ఆరు వారాల వరకు కొంత మిగిలే ఉంటుంది. దీనికి తోడు గర్భం బరువుకు కటిలోని సిరలు ఒత్తిడికి లోనై కాళ్ళ నుంచి రక్తం పైకి పోవడం మందగిస్తుంది. ఎడమకాలి సిరపై ధమని అడ్డంగా పోతుంది కనుక ఆ కాలికే ఈ బాధ ఎక్కువ. శస్త్రచికిత్స జరిగితే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఇటువంటి కాలిని గట్టిగా పిసికితే గడ్డ ఊడి, గుండె మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడి రక్తనాళాన్ని మూసివేయవచ్చు. ప్రాణం పోవడానికి నిమిషాలు చాలు. ఒకే కాలు వాచి, నొప్పి, వేడి, ఎరుపు కనిపించినా, హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా క్షణం ఆలస్యం చేయరాదు. బాలింతకు దాహమైనా నీళ్ళు తగ్గించి ఇవ్వడం, నలభై రోజులు మంచం దిగనివ్వకపోవడం మన ఇళ్ళలో ఉన్న అలవాట్లు. ఈ రెండూ గడ్డకట్టడానికి దోహదం చేసేవే. మా అమ్మ నా భార్య విషయంలో ఈ రెండూ పాటించింది. మా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

ఆ పెద్దావిడకు ఇదంతా ఎలా తెలిసిందని కొన్నాళ్ళకు అడిగాను. చాలాకాలం కిందట ఒక ఊళ్ళో ఇలాగే వాచిన కాలిని ఇంటివారి మాటపై గట్టిగా పట్టిందట. మర్నాడు ఆ పిల్ల పెరట్లోకి నడుస్తూ ఊపిరి అందక పడిపోయింది. తన చేతివల్లనే పోయిందో, వేరే కారణమో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ నిందించలేదు కూడా. అప్పటి నుంచి నూనె రాసే ముందు రెండు కాళ్ళూ పట్టి చూడనిదే పని మొదలుపెట్టదు. మా సెక్షనులో ఒక పాత ఫిట్టరు ఉండేవాడు. వైబ్రేషన్ మీటరు తెచ్చేలోపే బేరింగుపై అరచేయి ఆనించి, “దీన్ని ఆపండి సార్” అనేవాడు. అతని మాటపై మేము యంత్రం ఆపేవాళ్ళం. అదే స్థానంలో ఉన్న స్త్రీకి నేను ఎదురు సలహా చెప్పాను.

మర్దన వలన లాభం లేదని నా అభిప్రాయం కాదు. నడుమునొప్పి, బిడ్డను ఎత్తుకొని పాలిచ్చేటప్పుడు మెడకు, భుజాలకు వచ్చే పట్టు సడలుతాయి. నిద్ర పడుతుంది, మనస్సు తేలికవుతుంది. బిడ్డ చుట్టూ ఇంటిల్లిపాదీ మూగిన సమయంలో తల్లి కోసమే ఒక గంట కేటాయించే మనిషి ఆమె ఒక్కతే. కాని జారిన గర్భసంచిని పైకి తోయాలని పొట్టను బలంగా నొక్కడం అనవసరం. కాన్పు కాగానే దాదాపు కిలో బరువుండే గర్భాశయం ఆరు వారాలలో తనంతట తానే వంద గ్రాముల లోపుకు కుదించుకుంటుంది. బిడ్డ పాలు తాగడమే అందుకు తోడ్పడుతుంది. కోత మానేవరకు పొట్టపై మర్దన గాని, కుట్లపై నూనె గాని కూడదు. ఇక మూసిన గదిలో నిప్పుల కుంపటి, పొగ పసిబిడ్డ ఊపిరికి చేటు.

ఈ జాగ్రత్తల అవసరం మన రాష్ట్రాలలో మరీ ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005-06లో దేశంలో శస్త్రచికిత్స కాన్పులు 8.5 శాతం. 2019-21 నాటికి 21.5 శాతమైనవి. ఆ సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. మంత్రసాని విద్య సహజ కాన్పుల కాలంలో రూపొందినది. నేడు ఆ చేతికి దొరికే ఒళ్ళు చాలా చోట్ల కోత పడిన ఒళ్ళు. ప్రసవం తర్వాత మొదటి రోజు గడిచాక 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరవ వారంలో మళ్ళీ తల్లిని పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆ పరీక్షలకు మధ్య ఉన్న రోజులలో ఆమె ఒంటిని రోజూ తాకి చూసేది మర్దన చేసే స్త్రీ మాత్రమే. కనుక టౌన్‌షిప్‌లో ఈ పనికి వచ్చే స్త్రీలను మన ఆసుపత్రివారు ఒక పూట పిలిచి, ఏ కాలు పట్టరాదో, ఏ లక్షణం కనబడితే ఎవరికి చెప్పాలో వివరిస్తే బాగుంటుందని నా విన్నపం. పిలిచినందుకు ఆ రోజు కూలి ఇవ్వడం మరువరాదు. వారు చెప్పేది కూడా వైద్యులు వినవలసి ఉంటుంది.

అమ్మాయికి మూడు నెలలు మందులు వాడారు. రక్తం పలుచబడే మందు వాడుతున్నన్నాళ్ళూ గట్టి మర్దన వద్దన్నారు. ఆ మూడు నెలలూ పెద్దావిడ వారానికొకసారి వచ్చి, బిడ్డను కాళ్ళపై వేసుకొని నీళ్ళు పోసి వెళ్ళేది. మందు ఆపి, మళ్ళీ స్కాను తీసి, వైద్యుడు అనుమతించిన మర్నాడు ఆమెకు కబురు పెట్టాము. వచ్చి చాప పరిచింది. నా భార్య నూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టినా దాన్ని ముట్టుకోలేదు. ముందు రెండు పిక్కలనూ రెండు అరచేతులతో పట్టి చూసి, ఆ తర్వాతనే గిన్నె దగ్గరకు జరుపుకున్నది.