తొలి మూడేళ్ల తిండి

రంజాన్ నెలలో మాకు ఎక్కువగా వచ్చేవి కాలేజీ ఫీజుల అర్జీలు. మీ జకాత్ నుంచి ఇస్తున్నాం, ఇకపైనా ఇస్తాం. కానీ పదో తరగతికి ముందే బడి మానేసిన పిల్లల పేర్లు ఆ అర్జీల్లో ఉండవు. వారి వెనకబాటు చాలాసార్లు తల్లి కడుపులోనే మొదలవుతుంది.

రుజువు మన పక్కనే ఉంది. 1987-90లో హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక కొలిచారు. ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. అసలు సంగతి ఒంటి లోపలుంది: వారిలో రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అంటే ముందుముందు షుగర్, గుండెజబ్బుల ముప్పు తగ్గే సూచనలు. చదువులోనూ వారే ముందున్నారు.

బిడ్డకు పాలిచ్చే తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రిదని సూరా బఖరా 233వ ఆయత్ చెబుతుంది. రోజుకూలీ దొరకని తండ్రి ఆ బాధ్యత ఎలా మోస్తాడు? ఈ ఏడు ఫీజు అర్జీలతో పాటు, మీ మహల్లాలో గర్భిణులు, బాలింతలు ఉన్న పేదిళ్ల వివరాలు కూడా మాకు పంపండి.