నీళ్ళలో నిద్ర, ఊపిరికి కాపలా

పూర్వం మన నిఘంటువులు రాసిన పెద్దలు దేవతలకూ, చేపలకూ ఒకే పేరు పెట్టారు: అనిమిషులు. అంటే రెప్పవేయనివారు. దేవతల సంగతి నాకు తెలియదు గాని, చేపలకు మాత్రం రెప్పలే లేవు. అందుకనే అవి నిద్రపోవని చాలామంది నమ్మకం. ఇంట్లో గాజుతొట్టెలో రంగుచేపలను పెంచేవారు రాత్రి లైటు తీసేసి, ఒక గంట ఆగి టార్చి వేసి చూడండి. అడుగున ఏదో మూలకు చేరి, మొప్పలు మెల్లగా ఆడిస్తూ కదలక మెదలక ఉంటాయి. అదే వాటి నిద్ర. నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువునే మొప్పలతో తీసుకుంటాయి కనుక ఎక్కడ కునుకు తీసినా వాటికి ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా సముద్రంలో కాపురం పెట్టి, మనలాగా ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణులకే. సీళ్ళు, డాల్ఫిన్లు, తిమింగలాలు చేపలు కావు. పిల్లల్ని కని పాలిచ్చి పెంచే జంతువులు. గాలి కావాలంటే నీళ్ళపైకి రావలసిందే. ఒళ్ళెరగకుండా నిద్రపోతే పైకి తీసుకువచ్చేదెవరు? పోనీ నిద్ర మానేద్దామంటే, అదీ కుదరదు. 1980లలో షికాగోలో ఎలుకలను బొత్తిగా నిద్రపోనివ్వకుండా ఉంచి చూశారు. తిండి పెడుతున్నా రెండు మూడు వారాల్లో చాలావరకు చచ్చిపోయాయి. నిద్ర అంత అవసరమైనది.

ఇదంతా జంతుశాస్త్రం కదా, ఆరోగ్య శీర్షికలో ఎందుకు అంటారా? మీ ఇంట్లో గురకపెట్టే మనిషి ఉంటే ఇది మీకు కావలసిన సంగతే. కాస్త ఓపిక పట్టండి.

లక్ష్మణుడూ, ఊర్మిళా

వనవాసంలో పధ్నాలుగేళ్ళూ లక్ష్మణుడు కన్ను మూయలేదనీ, అతని నిద్ర కూడా అయోధ్యలో ఊర్మిళే పోయిందనీ మన ఇళ్ళలో ఆడవాళ్ళు పాడుకునే కథ ఒకటుంది. డాల్ఫిన్ తలలో ఆ ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. 1970లలో సోవియట్ యూనియన్‌లో లెవ్ ముఖామెతోవ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు నల్లసముద్రపు డాల్ఫిన్ల మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను రికార్డు చేశారు. మూర్ఛరోగులకు మేము తీయించే ఇ.ఇ.జి. వంటిదే. మెదడులో కుడి సగం గాఢనిద్రలో ఉన్నప్పుడు ఎడమ సగం పూర్తి మెలకువతో ఉంది. కొంతసేపటికి వంతు మారింది. ఎడమ సగం నిద్రకు పోయింది, కుడి సగం కాపలా కాసింది. నిద్రపోయే సగానికి ఎదురుగా ఉన్న కన్ను మూసుకుంటుంది, రెండవ కన్ను తెరిచే ఉంటుంది. ఈదడం ఆగదు, ఊపిరికి పైకి రావడం ఆగదు. మన పాటలో ఊర్మిళకు వంతు మారే భాగ్యం లేదు గాని, డాల్ఫిన్ మెదడులో మాత్రం పని సమానంగానే పంచుకుంటారు.

ఈ ఏర్పాటు ఎంత అవసరమో అంతకు ముందే ఒక విషాదం తెలియజెప్పింది. 1955లో అమెరికాలోని ఫ్లోరిడాలో జాన్ లిల్లీ అనే వైద్యుడు మరికొందరితో కలిసి డాల్ఫిన్ మెదడును పరిశీలించబోయాడు. కోతులకూ కుక్కలకూ ఇచ్చినట్టే వాటికీ మత్తుమందు ఇచ్చారు. మత్తు ఎక్కగానే అవి ఊపిరి తీయడం మానేసి చనిపోయాయి. డాల్ఫిన్‌కు ప్రతి ఊపిరీ తెలిసి తీసుకునేదే. తెలివి తప్పితే ఊపిరి తప్పినట్టే.

మన సంగతి వేరు. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట ఉన్న మెడుల్లా అనే భాగం, మనం మరిచిపోయినా ఊపిరి తీయిస్తూ ఉంటుంది. నిద్రలోనూ దానికి సెలవు లేదు. పుట్టుకతోనే ఈ ఏర్పాటు చెడిన బిడ్డలు చాలా అరుదుగా ఉంటారు. మెలకువగా ఉన్నంతసేపూ బాగానే ఉంటారు, నిద్రపోతే ఊపిరి మందగిస్తుంది. వాళ్ళు జీవితాంతం యంత్రం సాయంతోనే పడుకోవాలి. పడమటి దేశాల కథలోని ఒక జలకన్య పేరు మీద పాతకాలపు డాక్టర్లు దీన్ని 'ఆండీన్ శాపం' అనేవారు. ఇందుకు కారణమైన జన్యులోపం 2003లో బయటపడింది. శాపమేమీ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు.

ఆరోగ్యవంతుడిలో కూడా ఆ మెడుల్లాను మందులు జోకొట్టగలవు. ఇప్పుడు వాడే నిద్రమాత్రలు వెనకటి బార్బిట్యురేట్లంత ప్రమాదకరమైనవి కావు, నిజమే. అయినా మద్యంతో కలిసినప్పుడు, ముసలితనంలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నప్పుడు అవి ఊపిరిని అణచివేస్తాయి. పక్కింటి పిన్నిగారికి పనిచేసిందని ఆవిడ చీటీ పట్టుకుని మందులషాపుకు వెళ్ళేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సగం మెదడుతో మనమూ నిద్రపోలేమా అని కుర్రవాళ్ళు అడుగుతూ ఉంటారు, పరీక్షల రోజుల్లో మరీను. పోలేము. కాకపోతే ఒక చిన్న విశేషం ఉంది. కొత్తచోట మొదటిరాత్రి సరిగా నిద్రపట్టదు కదా? 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పరిశీలిస్తే, అటువంటి రాత్రి మెదడు ఎడమ భాగంలో ఒక ప్రాంతం కుడివైపు కన్నా తేలిగ్గా నిద్రపోతున్నదనీ, చిన్న అలికిడికే స్పందిస్తున్నదనీ తేలింది. మరోరోజు అక్కడే పడుకుంటే ఆ తేడా లేదు. పెళ్ళివారింట మనం పోయేది కోడినిద్ర అని ఇదివరకే తెలుసు, ఇప్పుడు కారణం కూడా తెలిసిందన్నమాట.

డాల్ఫిన్ల విషయంలో ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. పుట్టిన డాల్ఫిన్ పిల్లా, దాని తల్లీ మొదటి నెలలో దాదాపు ఎప్పుడూ ఒకచోట నిలవక తిరుగుతూనే ఉంటాయని 2005లో గమనించారు. బాలింతలకు నిద్ర అక్కర్లేదని అత్తగార్లు దీన్ని సాక్ష్యానికి తేకూడదు. మనిషికి ఆ మెదడు లేదు. బిడ్డ పడుకున్నప్పుడల్లా తల్లినీ పడుకోనివ్వాలి.

తలకిందులుగా నిద్రపోయే సీలు

సీళ్ళలో రెండు తెగలున్నాయి. బయటికి చెవులు కనిపించే ఫర్ సీళ్ళు కొంతవరకు డాల్ఫిన్ పద్ధతే. నీళ్ళలో ఒక పక్కకు వాలి, ఒక్క రెక్కకాలితో తెడ్డు వేస్తూ, మిగిలినవి చలికి తడవకుండా పైకి పెట్టి, సగం మెదడుతో నిద్రపోతాయి. ఒడ్డుకు వస్తే మాత్రం మనలాగా రెండు సగాలతోనూ హాయిగా పడుకుంటాయి. ఒకే జంతువు, రెండు రకాల నిద్ర!

రెండవ తెగకు చెవిడొప్పలుండవు. వాటిలో పెద్దది ఏనుగు సీలు. దీని మెదడు రెండు సగాలూ కలిసే నిద్రపోతుంది. కాపలా లేదు. మరి ఎలా బతుకుతోంది? కాలిఫోర్నియా తీరంలోని అన్యో నుయేవో దగ్గర 13 ఆడ ఏనుగు సీళ్ళ తలలకు ప్రత్యేకమైన టోపీలు తగిలించి, మెదడు తరంగాలు, గుండె వేగం, లోతు, ఒంటి కదలిక అన్నీ ఒక్కసారే రికార్డు చేశారు. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటిని చదివినప్పుడు, ఇన్నేళ్ళ వైద్యవృత్తి తరువాత కూడా నాకు ఒళ్ళు జలదరించింది.

ఏనుగు సీలు ఊపిరి తీసుకుని లోతుకు దిగుతుంది. నీటి పైభాగంలో సొరచేపలు, కిల్లర్ తిమింగలాలు తిరుగుతూ ఉంటాయి కనుక అక్కడ నిద్రపోదు. కిందికి జారుతూ జారుతూ గాఢనిద్రలోకి పోతుంది. అప్పటికింకా ఒళ్ళు అదుపులోనే ఉంటుంది. ఆ తరువాత కలల నిద్ర వస్తుంది. అప్పుడు కండరాలన్నీ సడలిపోయి, సీలు వెల్లకిలా తిరిగిపోతుంది. రాలుటాకు గాలిలో తిరిగినట్టు గిరికీలు కొడుతూ చీకటి నీళ్ళలోకి పడిపోతూ ఉంటుంది. ఒక్కోసారి 377 మీటర్ల లోతు దాకా. అలా పది నిమిషాలో, మరికాస్త ఎక్కువో. తరువాత మెలకువ వచ్చి, ఈదుకుంటూ పైకి వస్తుంది. మునక మొత్తం అరగంట. నెలల తరబడి సముద్రంలో ఉన్నప్పుడు రోజు మొత్తం మీద దానికి దొరికే నిద్ర సుమారు 2 గంటలు. ఒడ్డుకు చేరాక రోజుకు 10 గంటల పైనే పడుకుంటుంది.

అంతసేపు ఊపిరి లేకుండా ఎలాగంటే, దాని శరీరమే అందుకు కట్టింది. మన శరీరం బరువులో రక్తం 7 శాతం ఉంటే, దానికి 20 శాతం దాకా ఉంటుంది. కండరాల్లోనూ ప్రాణవాయువు నిలవ చేసుకుంటుంది. మునిగినప్పుడు గుండె వేగం బాగా తగ్గించుకుంటుంది. ఇసుకమీద పడుకున్నప్పుడు కూడా పది నిమిషాలు ఊపిరి బిగబట్టి నిద్రపోగలదు. దానికి అది జబ్బు కాదు, స్వభావం.

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళదీ ఊపిరితిత్తుల బతుకే. కదలకుండా ఉన్నంతకాలం నీటి అడుగున చాలాసేపు ఉండగలవు. వలలో చిక్కి గింజుకుంటే మాత్రం నిలవ ఉన్న ప్రాణవాయువు త్వరగా ఖర్చయిపోయి మునిగి చస్తాయి. విశాఖ, శ్రీకాకుళం వైపు చలికాలంలో ఒడ్డుకు కొట్టుకువచ్చే తాబేళ్ళలో అనేకం అలా చచ్చినవే.

గురక ఆగినప్పుడు

ఇక మన పడకగదిలోకి వద్దాం. సీలును తలకిందులు చేసిన ఆ కలల నిద్ర మనకూ ఉంది. 1953లో షికాగోలో మొదటిసారి గుర్తించారు. రాత్రి నిద్రలో అయిదో వంతు, ఒక్కొక్కప్పుడు నాలుగో వంతు అదే. ఆ సమయంలో కళ్ళు తిప్పే కండరాలూ, ఊపిరి తీయించే డయాఫ్రమూ తప్ప ఒళ్ళంతా సడలిపోతుంది. గొంతు కండరాలు కూడా సడలుతాయి. మెడచుట్టూ కొవ్వు పట్టినవారికి, చిన్న దవడ ఉన్నవారికి, ఆ సడలిన గొంతు మూసుకుపోతుంది. నాలుక వెనక్కి పడుతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాము. తేలిక నిద్రలోనూ ఇది రావచ్చు, కలల నిద్రలో తరచు ముదురుతుంది.

ఒకసారి ఒకావిడ లారీ నడిపే తన భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. అతనికి ఏ బాధా లేదట, రక్తపు పోటు మందు రెండు రకాలు వాడుతున్నా తగ్గడం లేదంతే. ఆవిడ అన్నమాట ఇది: "గురకపెడితే నాకు భయం లేదండీ. ఆగిపోతేనే భయం. మళ్ళీ మొదలయ్యేదాకా కూచుని లెక్కపెట్టుకుంటాను." రోగనిర్ణయం సగం ఆవిడే చేసేసింది. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 40 సార్లకు పైగా అతని ఊపిరి ఆగుతున్నది. ఇటువంటి మనిషి తెల్లవారుజామున లారీ తోలితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఆగడమంటే 10 సెకండ్లు గాని, అంతకు మించి గాని. గంటకు 5 సార్లు దాటితే పట్టించుకోవాలి, 30 దాటితే తీవ్రమైనదే. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని అర్ధమెలకువకు తెస్తుంది, గుర్రుమని గాలి లోపలికి పోతుంది, మళ్ళీ నిద్ర. పొద్దున్న లేచేసరికి ఇవేవీ అతనికి గుర్తుండవు. తలనొప్పి, నోరు ఎండిపోవడం, భోజనం కాగానే కునికిపాట్లు, చిరాకు మాత్రం మిగులుతాయి. లోపల రక్తపు పోటు పెరుగుతూ ఉంటుంది, గుండె మీద భారం పడుతూ ఉంటుంది. "మావారిది ఆదమరిచిన నిద్ర, పిడుగు పడ్డా లేవరు" అని మురిసిపోయే ఇల్లాళ్ళు ఒక రాత్రి కాస్త చెవిపెట్టి వినాలి. గురక ఏకధాటిగా సాగుతుంటే వేరు. మధ్యమధ్య ఆగి, నిశ్శబ్దమై, ఉక్కిరిబిక్కిరిగా మొదలవుతుంటే సెల్‌ఫోనులో పదినిమిషాలు రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి. మీరు నోటితో వర్ణించేదానికన్నా అది మాకు ఎక్కువ పనికివస్తుంది.

పరీక్ష భయపడేదేమీ కాదు. ఒక రాత్రి వంటికి తీగలు తగిలించి పడుకోబెడతారు, కొన్నిచోట్ల ఇంట్లోనే పెట్టుకునే చిన్న యంత్రం ఇస్తారు. తీవ్రంగా ఉన్నవారికి గాలిని ఒత్తిడితో ముక్కులోకి పంపి గొంతును తెరిచి ఉంచే యంత్రం ఉంది. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు 1981లో దీన్ని ప్రపంచానికి తెలియజేశాడు. ముక్కుకు తొడుగు పెట్టుకోవడానికి మొదట్లో అందరూ సణుగుతారు. లారీ డ్రైవరుగారూ సణిగాడు. నాలుగోవారానికి పగటి కునుకు పోయింది, అప్పటినుంచి లోడుతో వెళ్ళినా యంత్రం వెంటే. తేలికగా ఉన్నవారు బరువు తగ్గించుకోవడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట మద్యం మానడంతోనే చాలా మెరుగవుతారు. గురక తగ్గుతుందని అమ్మే తైలాలూ, ముక్కు క్లిప్పులూ ఈ జబ్బును నయం చేయవు.

పిల్లల మాట విడిగా చెప్పాలి. నోరు తెరుచుకుని గురకపెట్టే మూడేళ్ళ బిడ్డను చూసి "తాతగారి పోలిక" అని నవ్వుకుంటారు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులైతే సరే. ప్రతిరాత్రీ అలాగే ఉండి, నిద్రలో చెమటలు పోస్తూ, మెడ వెనక్కి విరిచి పడుకుంటూ, మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలుపెట్టి, బళ్ళో కుదురుగా కూచోలేకపోతుంటే టాన్సిల్సు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు పెరిగి దారికి అడ్డం పడుతున్నాయేమో చూపించాలి. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చూసి, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. అందరికీ అవసరం ఉండదు. చేయించినవారిలో చాలామంది తల్లులు మొదటి రాత్రుల్లో బిడ్డ చప్పుడు వినబడక, లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నామని చెబుతారు.