తుపాకి కట్టెలో నేసిన గుడ్డ

తుపాకి కట్టెలో నేసిన గుడ్డ ఉంటుందంటే మా పేటలో ఎవరూ నమ్మలేదు. "అయిదు నెలలు అమెరికాల ఉండి నువ్వు చూసొచ్చింది ఇదేనా మామా?" అని నవ్విన వాళ్లే ఎక్కువ. మిగతావీ చూశాను, ఫోటోలున్నాయి. కాని సోలాపూర్‌లో భోంగా మోగినన్నాళ్లూ మిల్లు వర్క్‌షాపులోను, మిల్లు మూతపడ్డాక పవర్‌లూమ్ రిపేర్లలోను బతికిన నాలాంటి ఫిట్టరుకు రాయాలనిపించేది మా చిన్నోడి పక్కింటాయన గ్యారేజీ గురించే.

మా చిన్నోడు ఉండేది కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నుంచి కారులో గంట దూరం. ఇంటి వెనక నిలబడితే రాకీ పర్వతాలు కనపడతాయి. నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు ఆ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. ఆ కొండల్లో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి తిరుగుతుంది. అమెరికాలో ఎల్క్ మందలు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది కొలరాడోలోనే. పక్కింటాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు, నా ఈడువాడే. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో లైసెన్సు తీసుకుని వేటకు పోతాడు. మిగతా పది నెలలూ ఆ వేటకు పట్టుకుపోయే తుపాకి బరువు ఎట్లా తగ్గించాలా అని ఆలోచిస్తుంటాడు. పదిహేనేళ్లలో అయిదు తుపాకులు సొంతంగా కట్టుకున్నాడు. అమ్మడు. అమ్మాలంటే లైసెన్సు కావాలి. తన వాడకానికి తాను చేసుకుంటే అక్కడి కేంద్ర చట్టం అడ్డం రాదు, రాష్ట్రాల రూల్సు మాత్రం వేరువేరు. చట్టం దృష్టిలో తుపాకి అంటే రిసీవరు అనే నడిమి ఉక్కు భాగం. అది కొట్లోనే కొనాలి, ఫారం నింపాలి, కొనేవాడి మీద పాత కేసులున్నాయేమో చూస్తారు. గొట్టం, కట్టె, మీట ఇవన్నీ మనకు స్పేరు పార్టులు వచ్చినట్టు పార్సిల్లో ఇంటికే వస్తాయి.

బరువు మీద అంత పట్టుదల ఎందుకని అడిగాను. ఆయన తుపాకి భుజానికి తగిలించుకుని మెట్లెక్కుతున్నట్టు నటించి, రొప్పి చూపించాడు. మూడు వేల మీటర్ల ఎత్తులో గాలి పలచన. పొద్దున చీకటితో బయల్దేరితే రోజుకు పది, పన్నెండు కిలోమీటర్ల ఎక్కుడు దిగుడు. ఆ రోజంతా తుపాకి మోయడమే, పేల్చేది ఒక్కసారి. అదీ జంతువు కనపడితే. గడిచిన మూడేళ్లలో రెండేళ్లు ఆయన వట్టి చేతులతోనే వచ్చాడట.

ఆయన బల్ల మీద వంటింటి తూకం ఒకటుంది. పక్కన నోటుబుక్కు. దుర్భిణితో సహా మామూలు తుపాకి 4 కిలోలు. ఆయన కట్టిన కొత్తది 2 కిలోల 700 గ్రాములు. ఆ 1300 గ్రాములూ ఎక్కడెక్కడ పోయాయో వరసగా రాసి పెట్టుకున్నాడు. దుర్భిణి చిన్నది పెడితే 250. గొట్టం సన్నం చేసి, 24 అంగుళాలది 21కి కోస్తే 400. అడుగున ఉక్కు తీసి అల్యూమినియం పెట్టడం, బోల్టు మీద గాళ్లు కొట్టడం, స్క్రూలు మార్చడం ఇట్లాంటి చిల్లరంతా కలిపితే 100. ఈ చిల్లర కోసమే ఎక్కువ రాత్రులు పోయాయని వాళ్లావిడ ఫిర్యాదు. ఇక మిగిలిన 550 గ్రాములూ ఒక్క కట్టెలోనే తగ్గాయి. భుజానికి ఆనించి పట్టుకునే ఆ భాగాన్ని వాళ్లు స్టాక్ అంటారు. పాతది వాల్‌నట్ చెక్క, కిలో పైనే ఉంటుంది. కొత్తది అందులో సగం.

ఆ కొత్తది నా చేతికిచ్చాడు. అప్పటికి దానికి ఇనుము ఏదీ బిగించలేదు, వట్టి నల్లటి డొల్ల. వెలుతురులో తిప్పి చూస్తే ఏటవాలు గీతలు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. రెండు పోగుల మీద, రెండు పోగుల కింద, వరసకు ఒక్క పోగు జరుగుతూ. ట్విల్! "ఇది గుడ్డ" అన్నాను తెలుగులోనే. మావాడు ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయనకు అర్థమైంది, తలూపి బీరువాలోంచి చుట్ట తీసి పరిచాడు. కార్బన్ ఫైబర్ గుడ్డ. పడుగు, పేక, అంచు అన్నీ ఉన్నాయి. ఒక్కో పోగులో 3000 తంతువులుంటాయి, అందుకే దాన్ని 3కె అంటారు. స్వెట్టర్లు, శాలువలు అల్లే అక్రిలిక్ నూలు జాతి దారాన్నే గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే ఈ నల్ల దారం వస్తుంది.

సాదా నేత ఎందుకు వాడలేదని అడిగితే ఆయన చెప్పిన జవాబు మనవాళ్లందరికీ తెలిసిందే. సాదా నేతలో పోగులు అడుగడుగునా ముడిపడి గుడ్డ బిర్రుగా ఉంటుంది, వంపుల మీద ముడతలు పడుతుంది. ట్విల్ ఒదిగిపోతుంది. కట్టె నిండా వంపులే కదా. ఇంకో సంగతి చూడండి. కొన్ని పొరలు నిలువుగా పరిచి, కొన్నిటిని మూలగా, 45 డిగ్రీల వాలులో కత్తిరించి వేస్తాడు. నిలువు పొరలు కట్టె వంగకుండా ఆపుతాయి, వాలు పొరలు మెలి తిరగకుండా ఆపుతాయి. పాత చెక్క కట్టె అచ్చు తీసి, రెండు అరల మూసలో మైనం రాసి, ఎపాక్సీ జిగురులో తడిపిన గుడ్డ పొర మీద పొర వేసి, బుడగ మిగలకుండా రోలరుతో ఒత్తుతాడు. మనం పడుగుకు గంజి పెట్టినట్టే, ఎక్కువైతే బరువు, తక్కువైతే బలం లేదు. మధ్యలో నురగలాంటి ఫోమ్ నింపి రెండు అరలూ కలిపి బిగిస్తాడు. మర్నాటికి రాయి.

ఈ పనిలో పేరున్నవాడు వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మెల్విన్ ఫోర్బ్స్. 1980లలోనే కెవ్లార్, గ్రాఫైట్ గుడ్డలతో అరకిలో లోపు కట్టె చేసి, దానికి తగ్గట్టు రిసీవరును కూడా చిన్నది చేశాడు. ఆ రిసీవరు, బోల్టు కలిపి 20 ఔన్సులే తూగేవి కాబట్టి తుపాకి పేరు మోడల్ 20 అయింది. అంతకుముందు బరువు తగ్గించాలంటే ఉన్న ఇనుముకు చిల్లులు పొడిచేవాళ్లు. పక్కింటాయన ఆయన పేరు మనం పాత జాబరు పేరు తలచుకున్నట్టు తలచుకుంటాడు.

గుడ్డ సంగతి ఆయన చెప్పాడు, లేతు సంగతి నాకు చెప్పక్కర్లేదు. గ్యారేజీ మూలన పాత లేతు, పక్కన మైక్రోమీటరు, డయల్ గేజీ. చక్, సెంటర్, థ్రెడ్, థౌ... ఈ మాటలకు అనువాదం అక్కర్లేకపోయింది. గొట్టం వెనక కొసకు అంగుళానికి 16 చుట్ల మర కోసి రిసీవరులో బిగించాలి. తర్వాత తూటా కూర్చునే గది రీమరుతో తొలవాలి. కొంచెం కోయడం, బయటికి తీసి పొట్టు తుడవడం, నూనె, మళ్లీ కొంచెం. ఆయన వాడే .308 విన్‌చెస్టర్ తూటాకు రెండు కొలత ముక్కలుంటాయి. 'గో' అన్నది పెడితే బోల్టు మూసుకోవాలి. 'నో గో' పెడితే మూసుకోకూడదు. ఒకటి 1.630 అంగుళాలు, రెండోది 1.634. తేడా నాలుగు థౌలు, మన తల వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ.

ఆ నాలుగు థౌలతో ఆటలొద్దు. మన మిల్లు బాయిలరు గేజీ మీద ముల్లు నూటయాభై దాటితే ఫైర్‌మన్ లేచి నిలబడేవాడు గుర్తుందా? ఈ తూటా పేలినప్పుడు ఆ చిన్న గదిలో పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా పోవచ్చు. గది లోతు ఎక్కువైతే ఇత్తడి తొడుగు సాగి చీలుతుంది, వేడి గాలి వెనక్కి వస్తుంది. వెనక ఉండేది మనిషి ముఖం. అందుకే కొత్తది ఏది కట్టినా మొదటి తూటాలు ఆయన చేత్తో పేల్చడు. పాత కారు టైరుకు తాడుతో కట్టి, దూరంగా చాటున నిలబడి దారం లాగుతాడు.

ఇంత చేశాక తేలిన తుపాకి మంచిదేనా అంటే, నా లెక్కలో సగం మంచిదే. తీసేసిన బరువు ఊరికే పోదు. తూటా ముందుకు పోయే ఊపుకు సమానమైన ఊపుతో తుపాకి వెనక్కి వస్తుంది, బరువు ఎంత తగ్గితే భుజం మీద తన్ను అంత పెరుగుతుంది. 4 కిలోలు 2.7 అయితే ఆ తన్ను శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లు. నాడె మరీ తేలికైతే పెట్టెలో కూర్చోక ఎగిరిపడటం మనం చూడలేదా, ఇదీ అట్లాంటిదే. గొట్టం సన్నం కాబట్టి మూడు తూటాలకే వేడెక్కి గురి జరుగుతుంది. రొప్పుతూ పట్టుకుంటే తేలిక తుపాకి చేతిలో గాలికి ఆకులా ఊగుతుంది. గురి చూసి కొట్టే ఆటలో అందుకే ఎవరూ తేలిక కోరుకోరు. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. మన కొల్హాపూర్ జిల్లా స్వప్నిల్ కుసాళే 2024 పారిస్‌లో కంచు పతకం తెచ్చిన 50 మీటర్ల రైఫిల్ కూడా పక్కింటాయన తుపాకికి రెట్టింపు పైమాటే. ఈ మాటే అంటే ఆయన, "వాళ్లు దాన్ని కొండెక్కించరు కదా" అన్నాడు.

మా ఇంటామె ఒక్కసారి కూడా ఆ గ్యారేజీ గడప తొక్కలేదు. "ఎంత బాగ నేసినా అది ప్రాణం తీసేదే" అంటుంది. నేను వాదించలేదు. మా మనవడి బడిలో తుపాకి పట్టుకుని ఎవడైనా చొరబడితే తలుపు వేసి దీపాలార్పి బల్లల కింద ఎట్లా కూర్చోవాలో పిల్లలకు నేర్పుతారు. పదకొండేళ్లవాడు అది మనకు వానాకాలం సెలవు చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కింటాయన ఇంట్లో తుపాకులన్నీ ఇనుప బీరువాలో, బోల్టులు తీసి వేరే చోట. వేటాడిన మాంసం వదిలేసి రావడం కొలరాడోలో నేరం, ఆయన ఫ్రీజరు నిండా అదే. ఒంటి మీద 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో గులాబీ రంగో బట్ట లేకుండా అడవిలో అడుగుపెట్టకూడదు. పద్ధతి గల మనిషి. ఆ దేశంలో అందరూ అట్లాంటి వాళ్లే ఉంటే మా మనవడికి బల్ల కింద కూర్చోవడం ఎందుకు నేర్పుతారు?

పిల్లల దగ్గరికి పోయే మన పెద్దలకు ఒక మాట. విజిటర్ వీసా మీద పోయినవాళ్లు అక్కడ తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, మనకెందుకవి. మావాడు మొదటి రోజే చెప్పాడు, "నాయినా, చూడు, ముచ్చట పెట్టు, చెయ్యి మాత్రం పెట్టకు" అని. ఇక ఇక్కడి సంగతి. మన దేశంలో 1972 చట్టంతో వేటే పోయింది. లైసెన్సు లేకుండా తుపాకి చేస్తే ఆయుధాల చట్టం కింద ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. మన లేతు షాపుల్లో కుర్రాళ్లు ఫోన్లలో ఈ వీడియోలు చూస్తున్నారని తెలుసు కాబట్టే రాస్తున్నాను.

అయితే నా చేతులు ఊరుకోలేదు. ఆ కట్టె లోపల ఫోమ్ కదా, స్క్రూలు బిగిస్తే అణిగిపోతుంది. అణగకుండా స్క్రూ చుట్టూ అల్యూమినియం గొట్టపు ముక్కలు రెండు పెడతారు, ఇనుము నేరుగా వాటి మీద కూర్చుంటుంది. అవి తుపాకి కాదు, కడ్డీ ముక్కలు. పక్కింటాయన కడ్డీ నా ముందు పెట్టి లేతు వైపు చెయ్యి చూపించాడు. మావాడి ముఖం చూశాను. వాడు కాసేపాగి సరే అన్నాడు. పదకొండేళ్ల తర్వాత టూలు పట్టుకున్నాను. మొదటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచేసరికి మనవడు వచ్చి నిలబడ్డాడు. మైక్రోమీటరుతో కొలిచి ఆయన నాకు రెండుసార్లు చూపించాడు. రెండు ముక్కలకూ తేడా అర థౌ లేదు. నేను లేతు మీద పనిచేసేవాణ్నని మనవడికి అంతకుముందు తెలుసు గాని, పనిచేస్తుంటే వాడు చూడటం అదే మొదలు. ఎట్లా చూస్తాడు, వాడు పుట్టేనాటికి మా మిల్లు షెడ్డు ఇనుము కూడా అమ్ముడుపోయింది.

మిగిలిన కడ్డీతో వాడికి బొంగరం చేసిచ్చాను. మేమొచ్చేశాక కూడా శనివారాలు ఆ గ్యారేజీకి పోతున్నాడట, తుపాకి బీరువా తెరవకూడదన్న షరతు మీద. ఇప్పటికి రెండు బొంగరాలు, ఒక తలుపు గొళ్లెం అయ్యాయి. పోయిన వారం ఫోన్‌లో అడిగాడు: "తాతా, థ్రెడ్ కోసేటప్పుడు టూలు చివర విరుగుతున్నది, స్పీడు ఎంత పెట్టాలె?" సగానికి తగ్గించమన్నాను, నూనె ఆపొద్దన్నాను.