గుట్ట దారిలో ఆరు సైకిళ్ళు

"ఏం గేరేసినవ్ చెల్లే? గుట్ట ఎక్కుతున్నవా, గోడ ఎక్కుతున్నవా?"

వెనక నుంచి ఎల్ఐసీ అక్క గొంతు. అప్పటికే నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వెనక టైరు ఎర్ర మొరంలో గిర్రున తిరుగుతోందే గానీ బండి కదలడం లేదు. "చిన్న గేరు ఆంటీ, చిన్నది!" అని ముందు నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకటే కేకలు. చిన్నదంటే ముందు చక్రమా, వెనక చక్రమా? ఆలోచించుకునేలోపే సైకిలు ఆగిపోయింది. కాలు కింద పెట్టేశాను.

"ఆగిందమ్మా ఎక్స్‌ప్రెస్సు! క్రాసింగు ఉందేమో!" ఇది మా విజయవాడ పిన్ని వ్యాఖ్యానం.

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో ఒక ఆదివారం ఉదయం ఆరున్నర గంటల వేళ సంగతి ఇది. మేం ఆరుగురం. అందరిలోకీ పెద్ద ఎల్ఐసీ అక్క, వయసు 58, ఊరు కరీంనగర్. సైకిలు విడిభాగాల గురించి ఏది అడిగినా చెప్పే పిన్ని, ఓ లెక్కల టీచరు, ఓ ఫిజియోథెరపిస్టు పిల్ల, సాఫ్ట్‌వేర్ అమ్మాయి, నేను. నెలకోసారి సైకిళ్ళన్నీ ఓ ట్రాలీ ఆటోలో వేసుకుని, హైదరాబాదు నుంచి 80 కిలోమీటర్ల దాకా వచ్చి ఈ మట్టిదారుల్లో పడతాం. మూసీ నది పుట్టేది ఈ గుట్టల్లోనే. అనంత పద్మనాభస్వామి గుడికి తారురోడ్డు ఉంది, కానీ మా పని తారుతో కాదు. మొరం, రాళ్ళు, చెట్ల వేళ్ళు, వానకి కోసుకుపోయిన గాళ్ళు... ఇవీ మాకు కావలసినవి. (అటవీశాఖ దారుల్లోకి ముందుగా అడగకుండా మాత్రం వెళ్ళం. మీరూ వెళ్ళకండి.)

నేను ఆగిపోయానని అందరూ ఆగారు. ఇక లెక్కల టీచరు ఊరుకుంటుందా!

"మీ నాన్నగారి పాత సైకిలుందే, దాని పళ్ళు లెక్కపెట్టారా ఎప్పుడైనా?" అంది.

లెక్కపెట్టాను. పెట్టమని తనే వెనకటిసారి హోమ్‌వర్కు ఇచ్చింది. పెడల్ దగ్గరి చక్రానికి 44, వెనక చక్రానికి 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. బండి 5న్నర మీటర్లు ముందుకి పోతుంది. చదునైన రోడ్డు మీద అంతకన్నా హాయి ఏముంది? గుట్ట మీద మాత్రం ప్రాణం తీస్తుంది. ఇప్పుడు నేను తొక్కే సైకిలుకి ముందు 32 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి 51. దాని మీద వేసుకుంటే పెడల్ ఒక చుట్టుకి బండి కదిలేది మీటరున్నర కూడా ఉండదు. బస్తా బియ్యం ఒక్కసారిగా ఎత్తలేనప్పుడు తవ్వెడు తవ్వెడు మోసుకెళ్తామే, అలాగన్నమాట. మోసే బియ్యం అంతే, తిరుగుళ్ళు ఎక్కువ.

"నెలనెలా ప్రీమియం కట్టినట్టు అను, సమజైతది" అంది ఎల్ఐసీ అక్క.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. గేరు మార్చడం చడావు మొదలయ్యే ముందే జరిగిపోవాలి. సగం ఎక్కాక, ఒంటి బలమంతా పెడల్ మీద ఉన్నప్పుడు మారిస్తే గొలుసు పటపటలాడి పళ్ళు తప్పుతుంది. బండి ఆగాక మారుద్దామంటే అసలు మారదు, పెడల్ తిరుగుతుంటేనే గొలుసు పక్క చక్రానికి ఎక్కుతుంది. నేను చేసిన పొరపాటు అదే.

ఎన్ని గేర్లు?

కొత్తగా చేరే వాళ్ళంతా అడిగే మొదటి ప్రశ్న ఇది. పిన్నికి ఈ మాట వింటేనే ఒళ్ళు మంట. "21 గేర్లని రాసుంటుంది, 24 అని రాసుంటుంది. చీరకి ఎన్ని రంగులున్నాయని కొంటావా, కట్టుకుంటే ఎలా ఉందని కొంటావా?" అంటుంది. ఆవిడ చూడమనేది రెండే. ముందున్న వాటిలో అతి చిన్న చక్రం, వెనక అతి పెద్ద చక్రం. ముందుదానికన్నా వెనకదానికి పళ్ళు ఎంత ఎక్కువుంటే గుట్ట అంత సులువు.

తర్వాత బ్రేకులు. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులైతే ఒక్క వేలితో పట్టుకోవచ్చు. చేతులు చిన్నవైన మనకి ఇది చిన్న విషయం కాదు. పైగా బ్రేకు పిడిని వేలికి అందేలా దగ్గరికి జరపడానికి ఒక మర ఉంటుంది. ఆ మర సంగతి తెలియక నేను కొన్నాళ్ళు వేళ్ళు పీక్కుపోయేలా సాగదీశాను!

ముందు చక్రానికి స్ప్రింగు ఫోర్కు ఉంటే మా దారులకి చాలు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి సైకిలుకి వెనక కూడా ఉంది. దాని ధర మేం నోరు తెరిచి అడగలేదు. బదులుగా ఆ సైకిలుకి 'ఊయల' అని పేరు పెట్టాం. "పాప నిద్రపోయిందా?" అని పిన్ని అడుగుతుంటుంది. దిగుడులో ఆ పాప మా అందరినీ దాటుకుని పోతుందనుకోండి, అది వేరే మాట.

గాలి విషయం కూడా చెప్పాలి. చిన్నప్పటి నుంచీ మనకి రాయిలా గాలి కొట్టించడమే అలవాటు. రెండుంబావు అంగుళాల లావు టైరుకి రాళ్ళదారిలో అలా కొట్టిస్తే బంతిలా ఎగురుతుంది, పట్టు ఉండదు. నా బరువుకి 28 పాయింట్లు పెట్టుకుంటాను. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా ఒకసారి గుట్ట మధ్యలో కూర్చుని ప్యాచి వేసుకున్నాం. అయిదుగురు సలహాలిచ్చారు, ఎల్ఐసీ అక్క ఒక్కతే వేసింది.

చెప్పుకోని నొప్పి

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. దాని మూలంగా నేను సైకిలే మానేయబోయాను.

కొన్న మొదటి నెలలోనే మొదలైంది. గంట తొక్కేసరికి కింద తిమ్మిరి, మంట. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే ఒరుసుకుపోయిన చోట నీళ్ళు తగిలి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఎవరితో చెప్పను? మావారితో చెబితే "అందుకే వద్దన్నాను" అంటారు. సైకిలు కొన్న షాపులో కుర్రవాళ్ళుంటారు. వాళ్ళతో ఏమని చెప్పను! నా వయసు 47, ఇది వయసు వల్లే కాబోలుననుకున్నాను. ఒక వారం చుట్టాలొచ్చారన్నాను, ఒక వారం జలుబన్నాను, ఇంకోవారం నెపం అత్తగారి మీదికి నెట్టాను. మూడు నెలలు అలా గడిచాక పక్కింటివాళ్ళ అబ్బాయికి సైకిలు ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేశాను.

ఆఖరిసారి అనుకుంటూ వెళ్ళిన రోజున టీ దగ్గర అందరూ కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. ఎల్ఐసీ అక్క నన్ను ఎగాదిగా చూసి, "కూసుంటలేవేంది? కింద నొస్తున్నదా?" అని అడిగేసింది. అంతే! సిగ్గుతో ముడుచుకుపోయాను. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి... పిన్ని "నాకూ అంతే, ఆర్నెల్లు" అంది. టీచరు "నేను పౌడరు డబ్బా వెంట తెచ్చుకునేదాన్ని" అంది. అందరికీ ఉంది! ఒక్కరూ ఒక్కరితో చెప్పుకోలేదు. గేర్ల గురించి గంటలు గంటలు వాదించుకున్న వాళ్ళం, దీని గురించి ఒక్క ముక్క అనుకోలేదు.

ఫిజియో పిల్ల అప్పుడు విడమరిచి చెప్పింది. పిర్రల కింద రెండు ఎముకలుంటాయి, మనం కూర్చునేది వాటి మీదే. ఆడవాళ్ళ కటి వెడల్పు కనుక ఆ రెండింటి మధ్య దూరం మగవాళ్ళకన్నా సగటున ఎక్కువ. సన్నటి సీటు మీద ఆ ఎముకలు ఆనవు. బరువంతా మధ్యనున్న మెత్తటి కండ మీద, నరాల మీద పడుతుంది. తిమ్మిరి అందుకే. అలాగని సోఫాలాంటి మెత్తటి సీటు వేయించుకుంటే నయమవుతుందనుకోకండి. ఎముకలు అందులో దిగబడి మధ్య భాగం ఇంకా నొక్కుకుంటుంది, అంచులు తొడలకి ఒరుసుకుంటాయి.

కొలుచుకునే పద్ధతి ఇంట్లోనే ఉంది. లోపల మెలికలు మెలికలుగా ఉండే అట్టపెట్టె ముక్కని గట్టి స్టూలు మీద పెట్టి, పాదాలు కాస్త ఎత్తి, ముందుకు వంగి దాని మీద కూర్చోవాలి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్య నుంచి మధ్యకి స్కేలుతో కొలిచి, ఇంచుమించు రెండు సెంటీమీటర్లు కలుపుకుంటే సీటు వెడల్పు తెలుస్తుంది. నాకు 13 వచ్చింది, అంటే 15 సెంటీమీటర్ల సీటు కావాలి. సైకిలుతో వచ్చిన సీటు వెడల్పే 13 లేదు! మధ్యలో గాడి ఉన్న సీటు తీసుకున్నాను. ముక్కు పైకి లేచి ఉంటే దాన్ని సమంగా దించాం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద ఆన్చితే కాలు తిన్నగా సాగేంత ఎత్తున సీటు బిగించాం.

ఇంకొకటి. మెత్త కుట్టిన సైక్లింగు నిక్కర్లు వస్తాయి. వాటి మీద మామూలు ప్యాంటు వేసుకోవచ్చు గానీ వాటి లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. ఈ మాట చెప్పగానే పిన్ని "ఇంకేమీ అంటే... ఇంకేమీనా?" అని అడిగిన తీరు తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. ఇవన్నీ సరిచేశాక కూడా తిమ్మిరి వదలకపోయినా, పుండు పడినా డాక్టరుకి చూపించుకోవాల్సిందే. ఆ పిల్ల గట్టిగా చెప్పిన మాట ఇది.

టీ కోసం ఒక సంఘం

టీ దగ్గరే పిన్ని ఓ కథ చెప్పింది. ఈ గుట్టల సైకిలు పిచ్చి అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ అనే చోట ముదిరిందట. 1976 అక్టోబరులో అక్కడి కుర్రకారు ఎప్పటివో పాత బరువు సైకిళ్ళు వేసుకుని ఒక కొండ దారిలో పందెం పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 1,300 అడుగుల దిగుడు! పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు మాడి పొగలు వచ్చేవి. మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది కనుక ఆ దారికి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. ఆ గుంపులో వెండీ క్రాగ్ అనే ఆవిడ ఉండేది. తనూ పందెంలో దిగింది, వాళ్ళ ఫోటోలూ తీసింది. తర్వాత 1980ల్లో జాకీ ఫీలన్ అనే ఛాంపియన్ ఆడవాళ్ళ కోసం ఒక సంఘం పెట్టింది. దాని పేరు ఏమిటనుకున్నారు? మహిళల మౌంటెన్ బైక్ అండ్ టీ సొసైటీ! 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటని మొదటిసారి పెట్టినప్పుడు ఆడవాళ్ళ పందెంలో బంగారు పతకం ఇటలీకి చెందిన పావోలా పెజ్జోది.

"పతకం సంగతి తర్వాత, టీ పైసలెవరిస్తరు?" అంది ఎల్ఐసీ అక్క.

ఇక దిగుడు. నేను ఇంతకుముందు ప్రతిసారీ నడిపించుకుని దిగిన చోటు ఒకటుంది. మొరం గోలీల్లా జారుతుంది, మధ్యలో ఓ పెద్ద రాయి. ఈసారి సీటు నాలుగు వేళ్ళు దించుకున్నాను. హెల్మెట్టు పట్టీ బిగించుకున్నాను. రెండు పెడళ్ళూ సమంగా పెట్టి, సీటు మీంచి లేచి, నడుం వెనక్కి జరిపాను. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే తలకిందులవుతాం కనుక రెండూ కొద్దికొద్దిగా పట్టుకున్నాను. "రాయిని చూడకు ఆంటీ, చూసిన చోటికే పోతావు! పక్కన దారి చూడు!" అని కింద నుంచి సాఫ్ట్‌వేర్ అమ్మాయి.

దారినే చూశాను. వెనక టైరు ఓసారి జారింది, మళ్ళీ పట్టుకుంది. రాయి ఎప్పుడు దాటిందో తెలియదు. కింద ఆగాక చేతులు వణుకుతున్నాయి.

"ఎక్స్‌ప్రెస్సు టైముకే వచ్చిందే!" అంది పిన్ని.

సాయంత్రం సైకిలు మెట్లెక్కిస్తుంటే పక్కింటి అబ్బాయి ఎదురొచ్చాడు. "సైకిలు ఎప్పుడిస్తారు ఆంటీ?" అని అడిగాడు పాపం. లోపలికెళ్ళి, అటక మీద పెట్టిన పాత సీటు తెచ్చి వాడి చేతిలో పెట్టాను.