పెడన పువ్వు – దాని వెనుక పెట్టుబడి

దుప్పటి నడుమ అచ్చయిన పువ్వును చూసి అందంగా ఉన్నదని మెచ్చుకొంటాము. అది విరియడానికి ఎన్నాళ్లు పట్టునో కృష్ణా జిల్లా పెడనలో చూసినవారికి తెలుస్తుంది. మచిలీపట్నం కలంకారీగా పేరొందిన అద్దకానికి ప్రధాన కేంద్రం ఆ ఊరే.

ఈ పువ్వుల వంశం పెద్దది. గోలకొండ సుల్తానుల కాలాన పారశీకుల అభిరుచి మన తామరలు, లతల సరసన చేరింది. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పారు. ఐరోపా వర్తకులు తమ నమూనాలు పంపి, తెల్లని నేలపై పూలు కోరసాగారు. అక్కడి నేతగాండ్రు మొరపెట్టుకోగా ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను ఇటువంటి గుడ్డలపై నిషేధం విధించాయి. మన పువ్వుకు దక్కిన ప్రశంసలలో ఇదే గొప్పదేమో!

పని తీరు గమనించండి. చలువచేసిన గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరవేస్తారు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టగా వచ్చిన కసిముతో నల్లని గీత అద్దుతారు. ఎరుపు రావలసిన చోట అద్దేది రంగు కాదు, పటిక. తరువాత పారే కాలువ నీటిలో జాడించి, చిరువేరు వంటి రంగు దినుసులతో కాచినప్పుడే పువ్వు ఎర్రబడుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క టేకు అచ్చు కావాలి. అచ్చు చెక్కే పనివాని చేతినిబట్టే రేకు నునుపు.

ఇన్ని ఉతుకులు, ఇన్ని ఆరబెట్టుటలు ఉన్నందున గుడ్డ కొన్న నాటికి, సరుకు అమ్మిన నాటికి నడుమ చాలా రోజులు గడుస్తాయి. వానలు పట్టితే పని ఆగుతుంది. మరోవైపు అదే పువ్వు స్క్రీన్ అద్దకంలో చవకగా బజారుకెక్కుతుంది. కొనేటప్పుడు అచ్చుకు అచ్చు కలిసిన చోట చూడండి: చేతి అద్దకంలో ఆ అతుకు కాస్త ఎడంగానో, కాస్త ఒకదానిపై ఒకటిగానో కనిపిస్తుంది. అది లోపం కాదు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది.

మీరు ఈ వృత్తిలో ఉంటే ముద్రా పథకం క్రింద శిశు విభాగంలో రూ. 50,000 వరకు, కిశోర్ విభాగంలో రూ. 5 లక్షల వరకు రుణం కోరవచ్చు. దరఖాస్తులో అచ్చుల ఖర్చును, గుడ్డ, రంగుల ఖర్చును విడివిడిగా చూపండి. అచ్చులు ఏళ్ల తరబడి పనికి వస్తాయి. గుడ్డ సొమ్ము సరుకుతో తిరిగి రావాలి. వానాకాలంలో చేతికి డబ్బు రాదన్న సంగతి వాయిదాలు నిర్ణయించక ముందే బ్యాంకు అధికారికి చెప్పండి.